పాల లెక్క పక్కన సింబా లెక్క

ఉగాదికి నాలుగు రోజుల ముందు విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు తన కుక్కను ఆటోలో తీసుకొచ్చాడు. రాట్‌వీలర్, పేరు సింబా, ఎనిమిదేళ్లు, 36 కిలోలు. ఆ ఇంట్లో ఎవరూ సింబాను ‘అది’ అనరు, ‘వాడు’ అంటారు. క్లినిక్కులోనూ అదే మాట చెల్లింది. వాడు కుడి ముందు కాలు ఆనీ ఆననట్టు పెట్టి నిలబడ్డాడు. మణికట్టుకు కాస్త పైన నిమ్మకాయంత వాపు.

“బెణికిందనుకున్నామండి. ఉప్పు కాపడం పెట్టాం. మా ఆవిడ మోకాళ్లకి వేసుకునే మాత్ర రోజుకొకటి వేశాం. మొదట్లో తగ్గింది కూడా.”

డాక్టరు వాపు మీద వేలు ఆనించాడు. సింబా అరవలేదు, కరవబోలేదు. మొహం పక్కకు తిప్పుకుని పెదాలు నాక్కున్నాడు, అంతే. ఇరవై ఆరేళ్ల ప్రాక్టీసులో ఆయన అరుపుల కంటే ఇలాంటి నాకుడునే ఎక్కువ నమ్మడం నేర్చుకున్నాడు. కుక్క నొప్పి దాచుకునే జీవి. అరిచే దాకా ఆగితే అప్పటికే చాలా ఆలస్యం చేసినట్టు.

తర్వాత అడిగిన ప్రశ్నకు డ్రైవరు తెల్లబోయాడు. విరేచనం ఏ రంగులో అవుతోందని. “నల్లగా, తారులాగండి.” ఆవిడ మోకాళ్ల మాత్ర డైక్లోఫెనాక్. మనుషులకు రోజువారీ మందే అయినా కుక్కకు కడుపులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు తుడిచిపెట్టుకుపోయాయనే 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. కానీ మనుషుల మందుల షాపులో ఎప్పుడూ ఉంటుంది, మన ఇంటి డబ్బాలోనూ ఉంటుంది. ఎముక క్యాన్సర్ ఉన్న కుక్క డాక్టరు దగ్గరకు చేరేలోపు దారిలో ఎదురయ్యే మొదటి ప్రమాదం తరచూ ఆ డబ్బానే.

ఎక్స్‌రేలో మణికట్టు పైన ఎముక అంచు చెరిగిపోయి, బయటికి ముళ్లు ముళ్లుగా పొడుచుకొచ్చింది. పక్కన కీలు మాత్రం శుభ్రంగా ఉంది. కీళ్ల జబ్బయితే కీలుకు రెండు వైపులా కనపడుతుంది. ఈ క్యాన్సర్ ఒక ఎముకను తినేస్తుంది కానీ కీలు దాటి పక్క ఎముకలోకి పోవడం అరుదు. వెటర్నరీ కాలేజీలో కుర్రాళ్లు బట్టీపట్టే సూత్రం ఒకటుంది: మోచేతికి దూరం, మోకాలికి దగ్గర. ముందు కాలిలో భుజం దగ్గరో మణికట్టు దగ్గరో, వెనక కాలిలో మోకాలి చుట్టుపక్కలో పుడుతుంది. సూదితో తీసిన కణాలు కూడా అదే మాట చెప్పాయి. ఆస్టియోసార్కోమా. కుక్కల ఎముకల్లో పుట్టే క్యాన్సర్లలో దాదాపు 85 శాతం ఇదే. రాట్‌వీలర్లు, గ్రేట్ డేన్‌లు, సెయింట్ బెర్నార్డ్‌ల వంటి భారీ జాతులంటే దీనికి మరీ మక్కువ.

బెణుకనుకోవడంలో డ్రైవరు తప్పేమీ లేదు. పదిహేనేళ్ల కిందట ఒక జర్మన్ షెపర్డ్‌కు ఈ డాక్టరే బెణుకని మూడు వారాలు మందులిచ్చాడు. నాలుగో వారం అది మెట్లు దిగుతుండగా కాలు పుటుక్కున విరిగింది. పుచ్చిన ఎముక చెదలు తిన్న దూలం లాంటిది, బరువు మోస్తున్నట్టే ఉంటుంది. ఆ రోజు నుంచి ఆయనకొక నియమం: పెద్ద జాతి కుక్క రెండు వారాలు దాటి కుంటితే ముందు ఎక్స్‌రే, తర్వాతే మాటలు.

ఈ పొరపాటు ఎంత పాతదో తెలిసినప్పుడు ఆయనకు కాస్త ఊరటగా అనిపించింది. కెనడాలోని అల్బెర్టాలో 1989లో దొరికిన ఒక డైనోసార్ కాలి ఎముకను శాస్త్రవేత్తలు విరిగి అతుక్కున్న ఎముకని అనుకున్నారు. 2020లో తేలిందేమిటంటే అది ఆస్టియోసార్కోమా. సెంట్రోసారస్ అనే కొమ్ముల శాకాహారి, ఏడున్నర కోట్ల ఏళ్ల పైమాట. ఇంకో సంగతి. అది క్యాన్సర్‌తో చనిపోలేదు, వరదలో మందతో పాటు కొట్టుకుపోయింది. అంత ముదిరిన కాలితో అన్నాళ్లు బతికిందంటే చుట్టూ మంద ఉండబట్టే అయ్యుండాలని శాస్త్రవేత్తల ఊహ. డాక్టరు ఈ కథను క్లినిక్కుకు వచ్చిన వాళ్లకు చెబుతుంటాడు. సగం మంది నవ్వుతారు, సగం మంది కుక్క తల నిమురుతారు.

సింబా విషయంలో లెక్కలు చెప్పాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల ఎక్స్‌రే శుభ్రంగానే ఉంది, కానీ దాన్ని చూసి సంబరపడలేం. పదింట తొమ్మిది కుక్కల్లో, జబ్బు బయటపడే నాటికే కంటికి కనపడనంత చిన్న కణాలు ఊపిరితిత్తుల్లో చేరి ఉంటాయి. కాలు తీసేస్తే నొప్పి పోతుంది, ఆయుష్షు సుమారు నాలుగైదు నెలలు. తీసి కీమో కూడా ఇస్తే పది నెలలు, ఏడాది. రెండేళ్లు దాటేవి అయిదింట ఒకటి. ఏదీ చేయకుండా నొప్పి మందులతో చూసుకుంటే రెండు మూడు నెలలు.

“కాలు తీసేస్తే మూడు కాళ్లతో వాడెలా బతుకుతాడండీ?” అని డ్రైవరు భార్య అడిగింది.

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. జవాబుగా డాక్టరు ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తాడు. గుంటూరుకు చెందిన లెక్చరర్ దంపతుల గ్రేట్ డేన్ అది, పేరు బ్రూనో, 55 కిలోలు. వెనక కాలు తీసిన మూడో రోజున గేటు దగ్గరకు గెంతుకుంటూ వెళ్లి పేపరు కుర్రాణ్ని అదిలించాడు. కుక్కకు తన కాలు లేదన్న దిగులుండదు. ఆ దిగులు చూసేవాళ్లది. బరువులో 60 శాతం మోసేవి ముందు కాళ్లే కాబట్టి వెనక కాలు పోయినవి ఇంకా తొందరగా కోలుకుంటాయి. ముందు కాలు పోయినవి కూడా నెల తిరక్కుండానే సర్దుకుంటాయి, మిగిలిన కాళ్లలో కీళ్ల జబ్బు లేకపోతే.

బ్రూనోకు మూడు వారాలకొకసారి కార్బోప్లాటిన్, నాలుగు డోసులు. కుక్కలకిచ్చే కీమో మనుషుల కీమో అంత కఠినంగా ఉండదు. జబ్బును తుడిచేయడానికి కాదు, మంచి రోజులు పెంచడానికే డోసు కడతారు. బ్రూనోకు ఒకపూట అన్నం సహించకపోవడం, మీసాలు కాస్త రాలడం తప్ప పెద్ద తేడా లేదు. ఇబ్బంది ఇంట్లో వాళ్లకొచ్చింది. డోసు పడ్డాక రెండు మూడు రోజులు మూత్రంలో, విరేచనంలో మందు పోతుంది. చేతులకు గ్లవ్స్ ఉండాలి, గర్భిణులు ముట్టుకోకూడదు. లెక్చరర్ గారి భార్యకు అప్పుడు అయిదో నెల. పురిటికని వచ్చిన వాళ్లమ్మగారు, కుక్క అంటే గడప అవతలే ఉంచే మనిషి, నాలుగు డోసులకూ గ్లవ్స్ తొడుక్కుని వరండా కడిగింది. ఆపరేషన్ అయిన పదో నెలలో బ్రూనోకు దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలు.

సత్యనారాయణపురం దంపతులు మాత్రం ఆపరేషన్ వద్దన్నారు. డబ్బు ఒక కారణం, సింబా రెండు తుంట్లూ అప్పటికే అరిగి ఉండటం ఇంకో కారణం. డాక్టరు వాదించలేదు. ఇక మిగిలింది ఇల్లు.

ముందు వారం రోజులు కడుపు పుళ్లకు మందులు, నొప్పికి గాబాపెంటిన్. రక్తపరీక్షలో మూత్రపిండాలు బాగున్నాయని తేలాకే కుక్కలకు పనికొచ్చే నొప్పి మాత్ర మొదలుపెట్టారు, అదీ అన్నం తిన్నాకే. ఎముక కరగడాన్ని ఆపే డ్రిప్ ఒకటి ఎక్కించారు. కొన్ని కుక్కలకు దానితో నొప్పి తగ్గుతుంది, కొన్నింటికి తగ్గదు. సింబాకు కొంత తగ్గింది. గాబాపెంటిన్ సిరప్ కొనబోతున్న డ్రైవరును డాక్టరు ఆపాడు. మనుషుల సిరప్పులు కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి కలుపుతారు, కుక్కకది విషం.

మందుల తర్వాత గచ్చు. మన ఇళ్లలో ఇప్పుడు అంతా టైల్స్, గ్రానైట్. మూడు కాళ్ల మీద నడిచే కుక్కకు అది నూనె పోసిన నేలే. పైగా విజయవాడ ఎండల్లో కుక్క వెతుక్కునేది ఆ చల్లటి నేలనే. డ్రైవరు గోనె పట్టాలు తెచ్చి, మంచినీళ్ల గిన్నె నుంచి పడక దాకా, పడక నుంచి పెరటి దాకా బాట పరిచాడు. పడక దగ్గర మాత్రం ఒక టైలు ఖాళీగా వదిలాడు, గడ్డం ఆనించుకోడానికి. ఈ ఏర్పాటు డాక్టరు చెప్పింది కాదు. గోళ్లు కత్తిరించారు, పాదాల కింది వెంట్రుకలు తీసేశారు. అన్నం గిన్నె పీట మీదికి ఎక్కింది. లేవదీయడానికి పాత నేత చీర నాలుగు మడతలేసి ఛాతీ కింద పట్టీలా పట్టుకునేవారు.

వాళ్లది మొదటి అంతస్తు. మెట్లంటే డాక్టరుకు ఆ జర్మన్ షెపర్డే గుర్తొస్తుంది. సింబా పడక కిందికి, మెట్ల కింద చోటులోకి మారింది. పక్కనే డ్రైవరు మడత మంచం. “ముప్పై ఏళ్లు నైట్ సర్వీసులు చేశానండి, మెలకువ నాకేం కొత్త కాదు” అన్నాడాయన.

ఆ మెలకువే పెద్ద మందయింది. ఎముక నొప్పి రాత్రిపూట ఎక్కువ తెలుస్తుంది. పగలు మనుషులు, చప్పుళ్లు మరిపిస్తాయి. రాత్రి రెండింటికి కుక్క రొప్పుతూ చోటు మారుస్తుంటే అది వేడికా, నొప్పికా? మే నెలలో బెజవాడలో ఈ తేడా పట్టడం ఎవరికైనా కష్టమే. డాక్టరు చెప్పిన ఉపాయం చిన్నది. కూలర్ ముందు పడుకోబెట్టి అరగంట చూడండి, రొప్పు తగ్గితే ఎండ, తగ్గకపోతే ఎముక. గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టమన్నాడు. ముప్పై లోపు ఉండాలి. రోజురోజుకూ పెరుగుతుంటే ఊపిరితిత్తుల వైపు అనుమానించాలి. తెల్లవారేసరికి డాక్టరు ఫోన్‌లో వాట్సాప్ వీడియో ఉండేది, వెనక డ్రైవరు గొంతు: “ఇరవై రెండు… ఇరవై మూడు…”

అవే రోజుల్లో ఏలూరు రోడ్డు టీ కొట్టతను కూడా ఒక ఊరకుక్కను తెచ్చాడు. నల్లోడు, 18 కిలోలు, వెనక కాలి మోకాలి దగ్గర అదే జబ్బు. ఊరకుక్కల్లో ఇది తక్కువే, కానీ రాదని కాదు. అతని దగ్గర కూలరూ లేదు, గోనె పట్టాలూ లేవు. పొయ్యి వెనక గోడ వార ఇసుక పోశాడు. ఇసుక జారదు, చల్లగా ఉంటుంది, తడిస్తే మార్చేయొచ్చు. మాత్ర బన్ను ముక్కలో పెట్టేవాడు. నొప్పి ఎలా ఉందని అడిగితే అతని కొలమానం అతనిదే: “పొద్దున పాల వ్యాను హారన్‌కి తోకాడిస్తే బాగున్నట్టే సార్.”

అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో ఇలాంటి కొలమానాన్నే పద్ధతిగా రాసింది. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రం, ఉల్లాసం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా కాదా అని ఏడు అంశాలు, ఒక్కోదానికి పదికి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంట్లో చూసుకోవడం సాగించవచ్చు. డాక్టరు దాన్ని తెలుగులో టైపు చేయించి డ్రైవరు భార్యకిచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, మడిచి పోపుల డబ్బా కింద పెట్టింది. ఆవిడకు గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంది. ప్రతి గడిలో పాల ప్యాకెట్ల సంఖ్య వేస్తుంది. దాని పక్కనే మంచి రోజుకు సున్నా, చెడ్డ రోజుకు ఇంటూ మార్కు వేయడం మొదలుపెట్టింది.

మొదటి రోజే డాక్టరు వాళ్లను ఇంకొకటి అడిగాడు: వాడికి ఇష్టమైనవి మూడు చెప్పండి. పెరుగన్నం, ఆటో చప్పుడు వినగానే గేటు దాకా పరుగు, బంగినపల్లి ముక్క. “ఇందులో రెండు పోయిన రోజు నాకు ఫోన్ చేయండి.” ఈ మాట ఎప్పుడు చెప్పాలన్నది ఆయన్ని చాలా ఏళ్లు వేధించింది. చివర్లో చెబితే ఎవరూ వినలేరు. మొదట్లో చెబితే డాక్టరు మనసు రాయి అనుకుంటారు. రాయి అనుకున్నా పర్వాలేదని ఇప్పుడు మొదట్లోనే చెబుతున్నాడు.

ఏప్రిల్ పేజీలో ఇంటూలు నాలుగే. మే నెలలో పదకొండు. మృగశిర కార్తె వచ్చిన రెండో రోజు సాయంత్రం డ్రైవరు ఫోన్ చేశాడు. డాక్టరు స్కూటర్ మీద వెళ్లేసరికి సింబా మెట్ల కింద పడుకుని ఉన్నాడు, ఖాళీ టైలు మీద గడ్డం ఆనించి. వీధిలో ఆటో వెళ్లింది. చెవి కదిలింది కానీ తల లేవలేదు. వాపు కొబ్బరికాయంత అయింది.

“పాపం ఎవరికండీ, మీకా నాకా?” అని డ్రైవరు అడిగాడు.

“రాత్రి ఎన్నిసార్లు లేచాడు?”

“పడుకుంటేగా లేవడానికి.”

డాక్టరు క్యాలెండరు వైపు చూశాడు. ఆ వారం వరసగా నాలుగు ఇంటూలు. అంతకంటే ఆయన కంటబడింది పాల లెక్క. మార్చి నుంచి రోజూ మూడు ప్యాకెట్లు. జూన్ 6 నుంచి రెండు. మూడోది సింబా పెరుగుకు.

ముందు మత్తు ఇంజెక్షన్. వాడు గాఢంగా నిద్రపోయాక, చాలా రోజుల తర్వాత మొదటిసారి రొప్పు లేకుండా నిద్రపోయాక, రెండోది. డ్రైవరు చెయ్యి వాడి మెడ మీదే ఉంది. భార్య పైకి వెళ్లి, కాసేపాగి బంగినపల్లి పండు ఒకటి తెచ్చి పక్కన పెట్టింది.

డాక్టరు బయల్దేరుతుంటే ఆవిడ మందుల సంచి చేతికిచ్చింది. స్ట్రిప్పులో నొప్పి మాత్రలు పదకొండు మిగిలాయి. టీ కొట్టు కుక్క సంగతి ఆవిడకు భర్త చెప్పాడట.

“వాడు మావాడిలో సగమేనటగా బరువు. సగం మాత్ర చొప్పున ఇరవై రెండు రోజులొస్తాయి చూడండి.”