బైలుకుప్పెలో నొక ఛాయాచిత్రము

మైసూరునుండి మడికేరికి బోవు త్రోవలో, ఇంచుమించు 80 కిలోమీటర్ల దూరమున బైలుకుప్పె కలదు. 1959లో దలైలామాగారు స్వదేశమును వీడి భారతదేశమున శరణు జొచ్చిరి. ఆయన వెనువెంట వచ్చిన టిబెట్టువారిలో కొందరికి మైసూరు ప్రభుత్వ మిచ్చట అడవిభూమి నొసగెను. 1961 మొదలు వారా యడవిని గొట్టి, మొక్కజొన్న పండించుకొని నిలిచిరి. గడచిన సెలవులలో మావారితోను పాపతోను నే నచ్చటికి బోయితిని.

నామ్‌డ్రోలింగు మఠమున బంగారుపూత విగ్రహములను సేవించి వెలుపలికి వచ్చుసరికి, ఒక వృద్ధురాలు అరుగుపై గూర్చుండి, మంత్రపత్రములు చుట్టి యుంచిన చిన్న చక్రమును ద్రిప్పుచు జపము సేయుచుండెను. ముఖమంతయు ముడుతలే. మావారు ముచ్చటపడి కెమేరా యెత్తిరి. అవ్వ చేయి యడ్డము పెట్టెను. తప్పు చేసితిమని మేము వెనుదీయగా, ఆమె మనుమడు నవ్వి, "పాంగ్‌దెన్ సరిచేసికొనువరకు ఆగుమనుచున్నది" అని హిందీలో చెప్పెను. పెండ్లియైన స్త్రీలు నడుమున ముందువైపు గట్టుకొను రంగుచారల వస్త్రమే పాంగ్‌దెన్. మేము ముడుతలను జూచితిమి. ఆమె యిల్లాలివలె గనబడ గోరెను.

పిమ్మట అవ్వ మా పాపను దగ్గరకు దీసి, తన జపమాల నా చేతిలో నుంచెను. "ఎరుగని బిడ్డపై నింత ప్రేమ యేల?" యని యడిగితిని. "ప్రతి ప్రాణియు నేదో యొక జన్మమున మనకు తల్లి యని మా పెద్దలందురు. మీ పాపయు అవ్వకు తల్లియే" అని మనుమడు పలికెను. ఆమె జపించు మంత్రము కరుణామూర్తియైన అవలోకితేశ్వరునిది. దలైలామాగారిని ఆయన యవతారముగా వారు భావింతురు.

వారి యింట దేవునిపీటపై దలైలామాగారి చిత్రమునకు ముందు నీటిగిన్నెలు బారుగా నుండెను. టిబెట్టులో నా చిత్రము నింట నుంచుకొనుటను చైనా ప్రభుత్వము 1990 దశాబ్దమునుండి నిషేధించినది. ఒక ముఖచిత్రము విలువ వారికి దెలిసినట్లు మనకు దెలియునా?

సెలవు దీసికొనునపుడు అవ్వ, "నా చిత్రము నాకు బంపుదురా?" యని యడిగెను. నాకు తల వంగిపోయెను. ఇంతవరకు మేము సంతలలో, తిరునాళ్లలో నెందరు పేదల ముఖములు దీసికొంటిమో! ఒక్కరికైనను ప్రతి నిచ్చి యెరుగము.

ఇల్లు చేరిన వారమునకే రెండు ప్రతులు తీయించి, ఒకటి టపాలో బంపితిమి. రెండవది మా గోడపై నున్నది. అందు అవ్వ కెమేరావంక జూడలేదు; పాపనే చూచుచున్నది. సోదరీమణులారా! యాత్రలలో పరుల ముఖములను దీసికొనునపుడు వారి చిరునామా గూడ వ్రాసికొనుడు.