మాసిన జెర్సీలు

మింగళాడోన్‌లోని మా అల్మారాలో మా ఆవిడ చీరలకన్నా నా పాత ఫుట్‌బాల్ జెర్సీలే ఎక్కువ! అన్నీ రిటైరైన ఆటగాళ్లు తొడుక్కుని ఆడి, సంతకం పెట్టి ఇచ్చినవే. ఉతికితే సంతకం వెలుస్తుంది, మట్టి మరక పోతుంది. అందుకే ఎవరినీ ముట్టుకోనివ్వను.

1962 ఆసియా క్రీడల్లో హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో మన జట్టు స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ బలరాం అందులో ఉన్నారు. బర్మా 1966లో గెలిచింది, 1970లో దక్షిణ కొరియాతో పంచుకుంది. ఆ తరం వెళ్లిపోతోంది. బలరాం గారు 2023లో కన్నుమూశారు.

మా వీధిలో ఒక పాత ఆటగాడు తన జెర్సీ ఇవ్వబోతే, మనవడికే ఉంచమన్నాను. అది తొడుక్కుని ఆడిన మ్యాచ్ కథ మాత్రం అడిగి రాసుకున్నాను. పిల్లలూ, మీకు తెలిసిన తాతగార్లనూ అడగండి. కథ తెలియకపోతే జెర్సీ వట్టి గుడ్డే!