అడాజన్ ఉద్యోగి, యజమాని దగ్గరి ఫైలు

నియామక పత్రం, పుట్టినతేదీ, సెలవుల లెక్క, మెమోలు, పనితీరు నివేదికలు యజమాని దగ్గరి ఫైల్లో ఉంటాయి. పదోన్నతి, గ్రాట్యుటీ, పింఛను తేలేది ఆ కాగితాలను బట్టే. వాటిని చూసే హక్కు మాత్రం భారతదేశంలో యజమానిని బట్టి మారుతుంది. సూరత్‌లో తాపీ నది పడమటి ఒడ్డున ఉన్న అడాజన్ నుంచి హజీరా కర్మాగారాల వైపు పనికి వెళ్లే తెలుగువారి మధ్యనే ఈ తేడా ఉంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసు పుస్తకాన్ని ఏటా చూపించి సంతకం తీసుకోవడం కార్యాలయాధిపతి బాధ్యత. వార్షిక రహస్య నివేదికలు మాత్రం చాలాకాలం పేరుకు తగ్గట్టే ఉన్నాయి. ప్రతికూల వ్యాఖ్య ఉంటే తప్ప ఉద్యోగికి చెప్పేవారు కాదు. సరిహద్దు రహదారుల విభాగంలో ఇంజనీరు దేవ్‌దత్‌కు ఒక ఏడాది ‘గుడ్’ అని రాశారు. పదోన్నతికి కావలసింది ‘వెరీ గుడ్’. తనకు తెలియని ఆ ఒక్క మాటతో ఆయన పదోన్నతి ఆగిపోయింది. నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది కేంద్రం పూర్తి నివేదికను ఉద్యోగికి ఇవ్వాలనీ, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు గడువివ్వాలనీ ఆదేశించింది.

ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ వంటి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. నకళ్లు తీసుకోవచ్చు, ఫైలునే కూర్చుని చూడవచ్చు. 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు అడ్డుకున్నది ఇతరుల ఫైళ్లు అడగడాన్ని.

ప్రైవేటు కర్మాగారంలో ఇలాంటి సాధారణ హక్కేదీ లేదు. వివాదం లేబర్ కోర్టుకెక్కితే ఫైలు తెప్పించే అధికారం కోర్టుకుంది. అప్పటికి చాలాసార్లు ఉద్యోగమే పోయి ఉంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఈ లోటు తీర్చదు. అది సమాచారం అడిగే హక్కును సమ్మతితో సేకరించిన డేటాకే ముడిపెట్టి, ఉద్యోగ అవసరాలకు సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. కాలిఫోర్నియాలో పనిచేసే తెలుగు ఉద్యోగి రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో ఫైలు చూపించాలి. హజీరాలోని ప్రైవేటు ఉద్యోగికి అది లేకపోవడం అన్యాయం.

నదికి ఆవల లింబాయత్ ప్రాంతంలో, తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతికే పద్మశాలీల సంగతి ఇంకా కష్టం. అక్కడ చాలామందికి చూడటానికి ఫైలే లేదు. నిజానికి 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. జీతం రేటు, చెల్లింపులు, కోతలు అందులో హిందీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుడి భాషలోనూ ఉండాల్సింది. అంటే సూరత్‌లో తెలుగు పాస్‌బుక్! కానీ ఆ చట్టం కాంట్రాక్టరు తెచ్చినవారికే. బంధువుల వెంట సొంతంగా వచ్చినవారు దాని పరిధిలోకి రాలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు సొంతంగా వచ్చినవారినీ లెక్కలోకి తీసుకున్నాయి గాని పాస్‌బుక్‌ను వదిలేశాయి. దాని బదులు నియామక పత్రం, వేతన చీటీ తప్పనిసరి చేశాయి. పీఎఫ్ ఉన్నవారు యూఏఎన్ నంబరుతో నెలనెలా జమ ఫోనులోనే చూసుకోవచ్చు. ఏ నెలైనా జమ పడకపోతే పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు.