తెరచాపకూ శ్రుతి చేయాలి!

ట్యాంక్‌బండ్‌ మీద నిలబడి చూస్తే హుస్సేన్‌సాగర్‌లో తెల్లటి తెరచాపలు కొంగల బారులా కదులుతుంటాయి. గాలి ఎటు తోస్తే అటు పోతున్నట్టే ఉంటుంది. కానీ ఆ పడవలు గాలి వచ్చే దిక్కుకూ వెళ్లగలవు... ఏటవాలుగా, అటోసారి ఇటోసారి మలుపులు తిరుగుతూ. ఆ ఎదురీత ఎంత బాగా సాగుతుందన్నది సగం నీళ్లలోకి దిగకముందే తేలిపోతుంది. ఒడ్డుమీద, టేపు పట్టుకుని కొలిచేటప్పుడే!

16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో కట్టిన ఈ చెరువులో వానాకాలం వస్తే తెరచాప పడవల పోటీలు జోరందుకుంటాయి. గాలి మాత్రం ఓ పట్టాన మాట వినదు. చుట్టూ భవనాలు, చెట్లు. ఓ క్షణం స్తబ్ధుగా ఉంటుంది, మరుక్షణం విసురుగా కొడుతుంది. అందుకే ఇక్కడ పడవను సిద్ధం చేయడం ఓ విద్య.

పిల్లలు మొదట నేర్చుకునే ఆప్టిమిస్ట్‌ పడవలో మాస్టును, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టి ఉంచే తీగలుండవు. ఇద్దరు నడిపే 420, 470 పడవల్లో ఉంటాయి. ఆ అంకెలు పడవల పొడవులే... 4.2 మీటర్లు, 4.7 మీటర్లు. మాస్టుకు చెరో పక్కన ఒక ఉక్కు తీగ, ముందువైపు మరోటి. వీణ తీగల్లాగే వీటినీ బిగించాలి, సడలించాలి.

ముందు చూసేది మాస్టు ఎంత వెనక్కి వాలిందన్నది. పెద్ద తెరచాపను పైకెత్తే తాడుకు టేపు కట్టి మాస్టు చివరిదాకా లాగుతారు. అక్కణ్నుంచి పడవ వెనక అంచు వరకూ కొలుస్తారు. 420లో ఇది 6 మీటర్ల పైచిలుకు. కొలత తగ్గిందంటే మాస్టు వెనక్కి వాలినట్టు. పక్క తీగల అడుగున రంధ్రాలున్న పట్టీలో పిన్నును ఒక్క రంధ్రం మార్చినా చాలు, తేడా తెలిసిపోతుంది.

గాలి జోరుగా ఉంటే మాస్టును కాస్త వెనక్కి వాలుస్తారు. తెరచాప పైభాగం విచ్చుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. పడవ ఒరిగిపోదు. అయితే మరీ వాలిస్తే ముక్కు గాలివైపే తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి చుక్కానిని గట్టిగా పట్టి లాగాలి. చుక్కాని అడ్డం తిరిగితే బ్రేకు వేసినట్టే! అప్పుడు పడవ అడుగున నీళ్లలోకి దిగే పలకను కొంచెం పైకెత్తి సరిచేస్తారు. అలాగని మాస్టును నిటారుగా లేపినా చిక్కే. చుక్కాని చెయ్యి జారితే పడవ ముక్కు గాలికి దూరంగా తిరిగి తెరచాప నిండా గాలి పట్టవచ్చు. ముక్కు కొద్దిగా గాలివైపు మొగ్గే పడవ మాత్రం తనంతట తానే తిరిగి నెమ్మదిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే రక్ష.

ఇక బిగువు. తీగ మీద పెట్టి చూసే చిన్న పరికరంతో దాన్ని కొలుస్తారు. వదులైతే ముందు తెరచాప అంచు వంగిపోతుంది. గాలికి ఎదురుగా పైకి వెళ్లడం కష్టమవుతుంది. మెల్లని గాలిలో మరీ బిగిస్తే చాప పలకలా అయి పడవలో చురుకు తగ్గుతుంది. గాలి తగలని వైపు తీగ వేలాడుతుంటే బిగువు చాల్లేదనే సూచన. అన్ని పడవలకూ ఒకే లెక్క కుదరదు. అందుకే ఆటగాళ్లు ఏ గాలికి ఏ రంధ్రం, ఎంత బిగువో నోటుపుస్తకంలో రాసుకుంటారు.

ఈ నీళ్లమీదే సెయిలింగ్‌ నేర్చుకున్న ప్రీతి కొంగర, సుధాంశు శేఖర్‌తో కలిసి 470 పడవపై 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లారు. ఎంత పెద్ద పోటీకైనా తయారీ ఇలా టేపుతోనే మొదలవుతుంది.

ఈసారి నెక్లెస్‌రోడ్డు మీదుగా వెళ్తూ తెరచాపలు కనిపిస్తే రెండు నిమిషాలు ఆగి చూడండి. ఒకే గాలిలో ఒకటి చకచకా పైకి వెళ్తుంటే, పక్కది వెనకబడిపోతుంది. నడిపేవారి నేర్పుతోపాటు ఒక్క రంధ్రం తేడా కూడా కావచ్చు!