వూషీలో నిప్పు – తెనాలిలో ధర

2013 సెప్టెంబరు రెండవ వారం. సమైక్యాంధ్ర ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఆర్టీసీ బస్సులు నిలిచిపోయినందువల్ల రేపల్లె నుండి తెనాలికి రైలులోనే బయలుదేరాను. జేబులో కళాశాలవారిచ్చిన డబ్బు, చేతిలో చిన్న చీటీ. మా కంప్యూటరు ప్రయోగశాలలోని పన్నెండు పాత యంత్రాలకు తలా ఒక ర్యామ్ కొనుక్కొని రావాలి. ఉన్న మెమరీ చాలక, విద్యార్థులు ఒక ప్రోగ్రాము తెరిచి, అది మేల్కొనేదాకా గోడ గడియారం వంక చూస్తూ కూర్చొనేవారు.

అంగడిలో ధర విని తెల్లబోయాను. ఆగస్టులో అదే అంగడివారు రాసిచ్చిన ధరకూ దీనికీ పొంతన లేదు. తెచ్చిన డబ్బు తొమ్మిదింటికే సరిపోతుంది.

"చైనాలో ఫ్యాక్టరీ కాలిపోయింది మాస్టారూ" అన్నాడు యజమాని తాపీగా.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. బాపట్లలోని మిత్రునికి ఫోను చేస్తే అక్కడా అదే ధర, అదే కథ.

కథ కాదని తరువాత చదివి తెలుసుకొన్నాను. సెప్టెంబరు 4న చైనాలోని వూషీ నగరంలో, దక్షిణ కొరియాకు చెందిన ఎస్.కె. హైనిక్స్ కర్మాగారంలో యంత్రసామగ్రిని అమర్చుతుండగా మంటలు లేచాయి. ప్రపంచంలో తయారయ్యే డీర్యామ్ చిప్‌లలో పదింట ఒకటికి పైగా ఆ ఒక్క ఆవరణలోనే పుట్టేవి. మంటలు త్వరలోనే ఆరాయి. కాని చిప్‌లు తయారయ్యే గదిలో ధూళికణానికి కూడా తావు లేదు. పొగ చొరబడిందంటే యంత్రాలన్నిటినీ శుభ్రపరిచి, సరిచూచి, మళ్ళీ పని మొదలుపెట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. వార్త పొక్కిన కొద్ది రోజులకే అంతర్జాతీయ విపణిలో ధర సుమారు అయిదోవంతు పెరిగింది.

ఇంతకంటె చిత్రమైనది 1993 నాటి సంగతి. ఆ జూలై 4న జపానులోని నీహామాలో సుమిటోమో కెమికల్ వారి కర్మాగారంలో పేలుడు జరిగింది. అక్కడ తయారయ్యేది చిప్‌లు కావు. చిప్‌ను కప్పే నల్లని తొడుగుకు కావలసిన ఎపాక్సీ రెజిన్. ప్రపంచానికి కావలసిన ఆ మేలురకం రెజిన్‌లో సగానికి పైగా అక్కడినుండే వచ్చేది. వడ్లగింజకు ఊక వంటిదనుకోండి. ఊకను ఎవరు లెక్కచేస్తారు? అయినా కొన్ని వారాలలోనే మెమరీ ధర కొన్నిచోట్ల రెట్టింపయింది. తీరా చూస్తే నిల్వలున్నాయి, ఇతర సంస్థలు తయారీ పెంచాయి. భయపడినంత కొరత రానేలేదు. బాపట్ల తీరానికి తుపాను హెచ్చరిక అనగానే, చినుకు పడకముందే కూరగాయల ధరలు పెరగడం మనం ఎరుగనిదా?

ఆ రోజు అంగడిలో నేను ఊరుకోలేదు. "మీ అరలోని సరుకు మంటలకు ముందు వచ్చిందే గదా?" అని అడిగాను.

"ముందుదే మాస్టారూ. ఇది అమ్మి, రేపు నేను మళ్ళీ కొనవలసింది కొత్త ధరకే గదా! పైగా డాలరు సంగతి చూశారా?"

అదీ నిజమే. ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది. పెరిగిన ధరలో నిప్పు వాటా ఎంత, రూపాయి వాటా ఎంత, ఆయన భయం వాటా ఎంత? విడదీయడం ఆయన వల్లా కాలేదు, నా వల్లా కాలేదు. కమిటీ పెద్దలు మన్నించాలి, అందులో మన వాటా కూడా కొంత ఉంది: ఆగస్టు ధర కాగితం రెండు సంతకాల కోసం మూడు వారాలు బల్లమీదే ఉండిపోయింది. గట్టిగా అడగనందుకు ఆ తప్పు నాదే ఎక్కువ.

తొమ్మిది కొన్నాను. కొన్ని నెలలలో వూషీ కర్మాగారం కోలుకొన్నది. ధర మాత్రం అంత త్వరగా దిగిరాలేదు. అప్పటికే శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థల చేతిలోనే ఆ వ్యాపారం చాలావరకు ఉంది. మా మూడు యంత్రాలు మరుసటి ఏడాదిదాకా అలాగే ఉండిపోయాయి. వాటి ముందు ఎవరు కూర్చొనాలో పిల్లలు చీటీలు వేసి తేల్చుకొనేవారు. రైలు ఆలస్యమైన రోజున మాత్రం భట్టిప్రోలు, వేమూరు నుండి వచ్చేవారికి చీటీతో పని లేదు; అప్పటికి మిగిలేవి ఆ మూడే.