పిలిస్తే వచ్చే రైలు

ఖరగ్‌పూర్‌ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌ ముందుకొచ్చేదాకా ప్రపంచంలో అతి పొడవైనదన్న పేరు దానిదే. వర్క్‌షాపులో, బండ్ల మీద పనికోసం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం వీళ్లే. అయితే రైల్వే ఉద్యోగి ఇంట్లో నిద్ర, భోజనం, పండగ అన్నీ రైల్వే చెప్పినట్టే నడుస్తాయి. ఆఖరికి ఇల్లు కూడా రైల్వేదే.

అలాంటి ఒక క్వార్టర్‌లో గూడ్స్ బండి నడిపే లోకో పైలట్ భార్య, వంటిల్లు సర్దుకున్నాక పది నిమిషాలు ఫోన్‌లో గోధుమ కోస్తారు. ఆట పేరు హే డే. విత్తిన రెండు నిమిషాలకే పంట చేతికొస్తుంది. కోయకుండా వారం వదిలేసినా పాడవదు.

"ఏటమ్మా, ఫోన్లో పొలం దున్నితే గింజలొస్తాయేటి?" అని అత్తగారి ఎకసెక్కెం.

"రావత్తా. గాలికి పడిపోవు కూడా."

అత్తగారు మరి మాట్లాడలేదు. ఉద్దానంలో వాళ్ల కొబ్బరి తోటను 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో నేలకూల్చింది.

శత్రువు, తుపాకీ, తరుముకొచ్చే గడువు లేని ఇలాంటి ఆటలను కోజీ గేమ్స్ అంటున్నారు. వీటి పుట్టుకలోనే ఇంటి బెంగ ఉంది. 1996 నాటి హార్వెస్ట్ మూన్ సృష్టికర్త యసుహిరో వాడా పల్లెలో పెరిగి టోక్యో చేరినవాడు. ఉద్యోగం కోసం అయినవాళ్లను వదిలి క్యోటో వెళ్లిన కత్సుయా ఎగుచికి ఆ ఒంటరితనంలోంచే యానిమల్ క్రాసింగ్ ఆలోచన వచ్చింది. ఆ వరసలో కొత్త ఆట 2020 మార్చి 20న విడుదలైంది. రెండ్రోజుల తర్వాత దేశంలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. గూడ్స్ ఆగలేదు. కరోనా భయంలోనే భర్త డ్యూటీకి వెళ్లి వస్తున్న ఆ రోజుల్లోనే ఆమె ఫోన్‌లో సేద్యం మొదలెట్టారు.

ఇదంతా బాధ్యతల నుంచి పారిపోవడమేనని తీసిపారేసేవాళ్లున్నారు. అంత తేలిగ్గా తేల్చలేం. పారిపోయేవాళ్లు మళ్లీ కోళ్లకు మేత వేసి, పాలు పితికే పనే ఎందుకు పెట్టుకుంటారు? పని ఆమెకు కొత్త కాదు, చేసిన పని చేసినట్టే మిగలడం కొత్త. కడిగిన గిన్నె గంటలో మళ్లీ సింకులో ఉంటుంది. భర్త వస్తాడని వండిన కూర చల్లారుతుంది. ఆటలోనూ ఒక రైలుంది. అది ఆమె పంపితేనే కదిలి, ఊరికి చుట్టాలను తెస్తుంది.

దాదాపు 39 వేల మంది ఆటగాళ్లను గమనించి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం కూడా ఎంతసేపు ఆడారన్నది మనసు బాగోగులను పెద్దగా మార్చదనే చెప్పింది. ఇష్టంగా ఆడుతున్నారా, ఉండబట్టలేక ఆడుతున్నారా అన్నదే ముఖ్యం. ఆ రెండో రకం వాళ్ల కోసమే కాబోలు, నిరీక్షణ తగ్గించే వజ్రాలను కంపెనీ డబ్బుకు అమ్ముతుంది. ఆమె ఇంతవరకూ ఒక్క రూపాయి పెట్టలేదు.

అయినా ఆ పొలానికి పట్టా లేదు. 2009లో మొదలై కోట్లమందిని రైతుల్ని చేసిన ఫార్మ్‌విల్‌ను 2020 డిసెంబరు 31న మూసేశారు. చేలూ, కొట్టాలూ అన్నీ పోయాయి. ఆ సంగతి విని ఆమె ఆశ్చర్యపోలేదు. రిటైరైతే కొద్ది నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే. పెరట్లో మునగచెట్టు తర్వాత వచ్చేవాళ్లకే. భర్తకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఈమధ్య తెచ్చిన కరివేపాకు మొక్కను ఆమె నేలలో పెట్టలేదు, కుండీలో పెట్టారు.