రావికమతం దారిలో పసుపు దీపం

చోడవరంలో స్వయంభూ వినాయకుడికి దండం పెట్టుకుని వడ్డాది వైపు బండి తిప్పితే బీఎన్ రోడ్డు. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం దాకా సాగే దారి. అటూ ఇటూ చెరకు తోటలు, వరి మళ్లు, దూరంగా కొండలు. రావికమతం, కొత్తకోట దాటి నర్సీపట్నం చేరి, అక్కణ్నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి. రావికమతం మండలంలోనే కల్యాణపులోవ జలాశయం, పోతురాజుబాబు గుడి ఉన్నాయి. చలికాలం వస్తే పిల్లాపాపలతో కార్లు ఇటే బారులు తీరతాయి.

అయితే అందంతో పాటు గోతులకూ పేరుపడ్డ రోడ్డిది. చెరకు లారీని తప్పించబోయి చక్రం గోతిలో దబ్బున పడుతుంది. కాసేపటికి స్టీరింగ్ ముందు పసుపు దీపం వెలుగుతుంది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైరులో గాలి తగ్గిందని హెచ్చరిక!

అమెరికాలో టైర్లు పగిలి కార్లు బోల్తాపడిన ప్రమాదాల తరవాత 2000లో చట్టం చేశారు. 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ ఈ దీపం తప్పనిసరైంది. ఉండాల్సిన గాలిలో పావువంతు తగ్గితే అది వెలగాలి. అంటే 33 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరు 25కు పడిపోయిందన్నమాట. మన దేశంలో ఈ ఏర్పాటూ, పంక్చర్ కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నా ఫర్వాలేదని 2020లో నిబంధన మార్చారు. అందుకే కొండదారి పట్టేముందు డిక్కీలో స్టెప్నీ ఉందో లేదో చూసుకోవాలి.

దీపం వెలగ్గానే గట్టిగా బ్రేకు వేయకూడదు. వేగం తగ్గించి, పక్కకు ఆపి నాలుగు చక్రాలూ చూడాలి. ఏదైనా చదునుగా కూలబడితే అడుగు కూడా నడపకూడదు. నడిపితే టైరు చీరుకుపోతుంది. పైకి బాగానే కనిపిస్తే నెమ్మదిగా దగ్గర్లోని పంక్చర్ షాపుకు వెళ్లాలి. ఎంత గాలి పట్టించాలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన రాసేది గరిష్ఠ పరిమితి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. గాలి నింపాక సబ్బు నీళ్లు పోస్తే బుడగలే చెబుతాయి, మేకు దిగిందా, వాల్వు కారుతోందా, గోతి దెబ్బకు రిమ్ము వంగిందా అని.

ఒక్కోసారి పంక్చరే ఉండదు. చలి పది డిగ్రీలు పెరిగితే టైరులో సుమారు రెండు పీఎస్‌ఐ తగ్గుతుంది. లంబసింగిలో మధ్యాహ్నం 25 డిగ్రీలుండి, తెల్లవారుజామున 5కు పడితే నాలుగు తగ్గినట్టే. అప్పటికే గాలి అంతంతమాత్రంగా ఉన్న టైరుకు అది చాలు. పొద్దెక్కాక దీపం ఆరిపోయినా, చల్లటి టైరులో కొలిచి నింపుకోవాల్సిందే. పరుగెత్తి వేడెక్కిన టైరులో కొలత ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీసేయకూడదు.

బండి స్టార్టు చేయగానే దీపం నిమిషంపాటు టపటపా కొట్టుకుని తరవాత నిలకడగా వెలిగితే తప్పు టైరుది కాదు, సెన్సరుది. దాని బ్యాటరీ అయిదు నుంచి పదేళ్లే వస్తుంది. కొన్ని కార్లలో సెన్సర్లుండవు, చక్రాల వేగంలో తేడానుబట్టి గాలిని అంచనా వేస్తాయి. వాటికి గాలి నింపాక బటన్ నొక్కి సెట్ చేయాలి. నాలుగూ సమానంగా తగ్గితే అలాంటివాటిలో కొన్ని పసిగట్టలేవు కూడా.

కాబట్టి దీపం లేదని ధీమా పడకుండా, ఘాట్ ఎక్కేముందు అయిదు నిమిషాలు గాలి షాపు దగ్గర ఆగడం మేలు. ఆ కాసేపట్లో టీ తాగుతూ కొండల్నీ చూడొచ్చు!